మీటరు కోసం పెట్టిన పొయ్యి

మా గల్లీలో ఇప్పుడు పిల్లల మార్కుల గురించి ఎవరూ అడగడం లేదు. కరెంటు రీడింగ్ తీసే మనిషి వచ్చి వెళ్ళాక ఆడవాళ్ళందరూ గడపల్లో నిలబడి ఒకరినొకరు అడిగేది ఒకటే మాట: "మీకు జీరో వచ్చిందా?" నెలకు రెండు వందల యూనిట్ల లోపు కాలిస్తే బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాల్సిందే. సున్నా వస్తే మురిసిపోయే పరీక్ష ఈ లోకంలో ఇదొక్కటే అనుకుంటాను.

పోయిన ఎండాకాలం మా ఇల్లు ఆ పరీక్ష తప్పింది.

ఛత్రినాకలో మాది రెండంతస్తుల పాత ఇల్లు. కింద నేను, మా ఆయన సోమశేఖర్, మా అత్తమ్మ రుక్మిణమ్మ. పైన మా మరిది అమరనాథ్, అతని భార్య గీతాంజలి, వాళ్ళ మూడేళ్ళ పాప మనస్విని, మా అందరికీ మనూ. మా అబ్బాయి ప్రణీత్ వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి తాళ్ళు, సుతిలి, పూలదండల దారం అమ్మే దుకాణం నడుపుతారు. గీత పుట్టింటివాళ్ళు గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల వ్యాపారులు, మా దగ్గర దారం కొనేవాళ్ళు. అలా కుదిరిన సంబంధం అది. పడకలు పైన ఉన్నా కింద ఉన్నా, వంట మాత్రం అందరికీ కిందే. ఆ వంటగది నాది. ఇరవై ఏళ్ళు దాటింది, ఈ ఇంట్లో ఏ పూట ఏం ఉడకాలో నేనే చెబుతున్నాను. గిట్టనివాళ్ళు దాన్ని పెత్తనం అంటారు. అనుకోనివ్వండి, వాళ్ళే వచ్చి నా చేతి పప్పుచారు తాగిపోతారు.

గీత పెళ్ళి జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. ఫ్యాన్ వేస్తే చమ్కీలు ఎగిరి గదంతా చెల్లాచెదురవుతాయి. ఆపితే చెమట చుక్క పట్టు మీద పడి మరకవుతుంది. పాపం, సంవత్సరమంతా కూడబెట్టుకుని పై గదిలో ఏసీ పెట్టించుకుంది. ఆ నెలే మా మీటరు రెండు వందలు దాటేసింది.

ఇక మా ఆయన రంగంలోకి దిగాడు. మెట్ల కింద ఉన్న మీటరు ముందు పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి నిలబడి ఫోన్‌తో ఫొటో తీసేవాడు. పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా అన్ని ఫొటోలు తీయలేదు. అత్తమ్మ తన వంతు సాయంగా పడుకునే ముందు ఫ్రిజ్ వైరు పీకేసేది. ఒకరోజు తెల్లారి చూస్తే ఇడ్లీ పిండి పొంగి, గిన్నె దాటి, కింది అరలో ఉన్న కూరగాయల మీదికి పారింది.

"ఏంది అత్తమ్మా ఇది?" అన్నాను తల పట్టుకుని.

"ఫ్రిజ్‌కు గూడ జెర రెస్టుండాలె గద బిడ్డా. మనిషిలెక్కనే అది గూడ," అంది.

గీత మధ్యాహ్నాలు ఏసీ ఆపేసి, తడి తువాలు మెడకు చుట్టుకుని మగ్గం ముందు కూర్చునేది. మనూ వీపంతా చెమటకాయలు. ఇన్ని చేసినా ఏప్రిల్లో మళ్ళీ దాటింది. ఎదురింటివాళ్ళు "జీరోనా?" అని అడిగితే మా ఆయన వినపడనట్టు చెప్పులు వెతుక్కున్నాడు.

ఉపాయం చెప్పింది జాఫర్ భాయ్. బహదూర్‌పురా నుంచి స్కూటర్ మీద వచ్చి మా గల్లీ వైరింగ్ పనులన్నీ చూసే ఎలక్ట్రీషియన్ ఆయన. మా కూలర్ మోటారు బాగుచేస్తూ, మా ఆయన గోడు మొత్తం విని నవ్వాడు.

"అరే సోమన్నా, గింతదానికి ఫికర్ ఎందుకు? ఏక్ ఘర్, దో మీటర్. కింద మీది, పైన తమ్మునిది. ఇద్దరికీ జీరో. ఖతం కహానీ."

"ఒకే ఇంటికి రెండు మీటర్లిస్తరా భాయ్?" అన్నాను.

"ఒకే ఇల్లయితే ఇయ్యరు భాభీ. రెండిళ్ళు గావాలె. కరెంటు ఆఫీసు నుంచి మనిషొచ్చి చూస్తడు. పైన అలగ్ పొయ్యి, అలగ్ వంటిల్లు ఉండాలె. పొయ్యి లేకుంటే మీటర్ లేదు."

"అంటే వేరువడ్డట్టు చూపియ్యాల్నా?" అంది అత్తమ్మ తలుపు దగ్గర నుంచి.

"చూపిస్తే చాలమ్మా. నిజంగ వడేది లేదు."

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని తల ఊపారు. దరఖాస్తు పెట్టడం, రేషన్ కార్డులోంచి అమర్ వాళ్ళ పేర్లు తీయించి వేరే కార్డు చేయించడం, అవన్నీ వాళ్ళే తిరిగి చూసుకున్నారు. పైన బాల్కనీ పక్కన బట్టలు ఇస్త్రీ చేసుకునే చిన్న గది ఉంది. అక్కడ ఒక పాత బల్ల వేసి, దాని మీద మా అటకలో ఉన్న రెండు బర్నర్ల పొయ్యి పెట్టి, స్పేర్ సిలిండర్ తగిలించాం. నా వంటింట్లోంచే నాలుగు గిన్నెలు, ఒక కుక్కరు, ఒక పోపుల డబ్బా తీసుకెళ్ళి పెట్టాను. నాటకానికి రంగస్థలం సర్దినట్టు సర్ది, "ఎట్లుంది?" అని గీతను అడిగాను. "మస్తుంది అక్కా," అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆఫీసు మనిషి వస్తాడన్న రోజు పొద్దున, పొయ్యి మండుతుందో లేదో చూద్దామని గీత లైటర్ నొక్కబోయింది.

"ఆగు!" అంటూ అత్తమ్మ మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి మెట్లెక్కి వచ్చేసింది. "కొత్తగ పెట్టిన పొయ్యి, వట్టిగ వెలిగిస్తరానె? ఇంటికి మంచిదేనా?"

"అయ్యో అత్తమ్మా, అది ఉత్తుత్త పొయ్యి," అన్నాను.

"పొయ్యిల ఉత్తుత్త పొయ్యి గూడ ఉంటదా? దాని మంట గాలుతదా కాలదా?" అంది. గీతను తలస్నానం చేసి రమ్మంది. పొయ్యికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, బల్లను తూర్పుకు తిప్పించింది. కొత్త గిన్నెలో పాలు పోయించి గీత చేతనే వెలిగించింది. పాలు పొంగి మూడు వైపులా కారాయి. మనూ చప్పట్లు కొట్టింది. నేను గుమ్మానికి ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాను. అప్పటికి నాకది బొమ్మల పెళ్ళిలాగే ఉంది. గీత మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

ఆఫీసు నుంచి వచ్చినాయన చెమటలు కక్కుతూ హెల్మెట్ చేతిలో పట్టుకుని పైకి వచ్చాడు. గది చూశాడు, సిలిండర్ చూశాడు, గిన్నెలు చూశాడు.

"నిజంగ వండుతున్నరా అమ్మా? చానామంది మాకు సూపియ్యనీకే పెడ్తున్నరు," అన్నాడు.

బేరంలో ఎంతటివాళ్ళనైనా మాటల్లో పెట్టి తాడు చుట్టేసే అన్నదమ్ములు, ఆ క్షణాన మూగవాళ్ళైపోయారు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అమర్ సీలింగ్ వైపు చూశాడు. నాకు లోపల నవ్వు, భయం రెండూ ఒకేసారి వస్తున్నాయి.

"పొద్దుగాల్నే పాలు పొంగిచ్చినం సారూ," అంది అత్తమ్మ. "సూడుండ్రి, మరకలు గూడ ఆరలే."

ఆయన వంగి పొయ్యి చూశాడు. పాల చారలు ఇంకా తడిగానే ఉన్నాయి. పసుపు, బొట్టు కూడా ఉన్నాయి. మనిషి మెత్తబడిపోయాడు. "మంచిది పెద్దమ్మా. చల్లగుండుండ్రి," అని గీత ఇచ్చిన గ్లాసెడు పాలు తాగి సంతకం చేసి వెళ్ళాడు. ఆ వారంలోనే జాఫర్ భాయ్ పై అంతస్తుకు వేరే వైరు లాగాడు. మెట్ల కింద మా మీటరు పక్కన రెండో మీటరు వచ్చి కూర్చుంది.

నాటకం అయిపోయాక రంగస్థలం ఎత్తేయాలి కదా. నేను గిన్నెలు తెచ్చుకుందామని పైకి వెళ్ళాను. గీత పొయ్యి మీద చాయ్ మరుగుతోంది.

"అక్కా, పాలు పొంగిచ్చిన పొయ్యిని సల్లగ ఉంచొద్దంట. మా అమ్మ ఫోన్ల చెప్పింది. దినాం ఒక్కసారన్న వెలిగించాల్నంట," అంది.

దీపంలా ఒకసారి వెలిగించుకుంటే పోనీలే అనుకున్నాను. గిన్నెలు వదిలేసి కిందికి వచ్చాను.

అదే మా తప్పు. అత్తమ్మ ఆ పొయ్యిని పసుపుకుంకుమలతో నిజం చేసేసింది, మేం ముగ్గురు ఆడవాళ్ళం దానికి సాక్షులం. పొద్దున చాయ్ ఒక్కటే అనుకున్నది, వారం తిరిగేసరికి మనూకు పాలు, గుడ్డు అయింది. తర్వాత "ఇయ్యాల ఈయనకు ఉప్మా తినాల్నని ఉందంట అక్కా" అయింది. మే నెల మధ్యకు వచ్చేసరికి రాత్రి భోజనానికి అమర్ కిందికి దిగడం మానేశాడు. సాయంత్రం నేను కింద పప్పుకు పోపు వేస్తుంటే, పైనుంచి ఇంకో పోపు వాసన వచ్చేది. వెల్లుల్లి నాకంటే ఎక్కువ వేస్తుంది ఆ పిల్ల. ఆ వాసన వచ్చినప్పుడల్లా నా చేతిలో గరిటె ఒక క్షణం ఆగేది.

మనూను వంటగది గట్టు మీద కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెట్టడం నాకు అలవాటు. ఒకరోజు ముద్ద నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది.

"కడుపు నిండింది పెద్దమ్మా. పైన తిన్న."

"ఏం తిన్నవే?"

"మా అమ్మ అన్నం."

పసిపిల్ల, దానికేం తెలుసు. ఆ ముద్ద నేనే తినేసి పళ్ళెం కడిగాను.

అత్తమ్మది ఇంకో తంతు. ఇద్దరు కోడళ్ళలో ఎవరూ నొచ్చుకోకూడదని పొద్దున కింద తిని, పది నిమిషాల తర్వాత పైకి వెళ్ళి అక్కడ కూడా ఓ ముద్ద తినేది. రెండుచోట్లా చాయ్. షుగర్ ఉన్న మనిషి. అడిగితే, "ఎవరు పెట్టినా వద్దంటే ఎట్ల బిడ్డా?" అనేది. నవ్వుతూనే అనేది గానీ, మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకుని నిలబడేది. ఎక్కి వెళ్ళాలో, దిగి రావాలో తెలియనట్టు చూసేది.

నాకు కోపం వస్తే దాచుకోవడం రాదు. ఒక మధ్యాహ్నం గీత ఉల్లిగడ్డలు కావాలని కిందికి వస్తే అనేశాను.

"అబద్ధపు పొయ్యికి మస్తు మురిపెం జేస్తున్నవే గీతా. మీటర్ వచ్చింది గద, ఇంకెందుకు ఆ లొల్లి?"

గీత ఎప్పుడూ నాకు ఎదురు చెప్పిన పిల్ల కాదు. ఉల్లిగడ్డలు ఏరి కొంగులో వేసుకుంది.

"ఆరేండ్లాయె అక్కా ఈ ఇంటికొచ్చి," అంది మెల్లగా. "ఈ వంటింట్ల ఉల్లిగడ్డలు గోసిన, ఎల్లిగడ్డలు ఒలిచిన, గిన్నెలు తోమిన. ఒక్కనాడన్న, 'ఇయ్యాల ఏం వండుదామే గీతా' అని అడిగినవా?"

"వండుతనంటే వద్దన్ననా నేను?"

"వండిన ఒకసారి. ఉప్పు తక్కువైందని నువ్వు మళ్ళ పొయ్యి మీద పెట్టినవ్."

చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఉప్పు తక్కువైతే తక్కువైందనే అంటారు, అందులో తప్పేముంది? అందరికీ ఇన్నేళ్ళు వండిపెట్టినందుకు ఇదా మర్యాద? ఆ సాయంత్రమంతా గిన్నెల మీద కోపం చూపించాను. ఆ తర్వాత పని ఉంటే తప్ప మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ మాటలు లేకపోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుసు. బయట బట్టలు ఆరేస్తే తన చీర పక్కన నా చీర, మాకు మాత్రం మాటల్లేవు.

జూన్‌లో రీడింగ్ మనిషి వచ్చాడు. రెండు మీటర్లకూ జీరో. ఎదురింటావిడ గడపలో నిలబడి "మీకు డబుల్ జీరోనా!" అని ముక్కు మీద వేలేసుకుంది. మా ఆయన మురిసిపోయి సాయంత్రం జిలేబీలు తెచ్చాడు.

సంచిలోంచి రెండు పొట్లాలు తీశాడు. ఒకటి బల్ల మీద పెట్టాడు. రెండోది పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళి, "అమర్, ఇగో మీది," అని పిలిచాడు.

ఇన్నేళ్ళూ మిఠాయి అంటే మా ఇంటికి ఒకటే పొట్లం వచ్చేది. అత్తమ్మ విప్పి అందరికీ పంచేది. ఆయన కావాలని చేసిన పని కాదు. మిఠాయి దుకాణంలో "రెండు చోట్ల కట్టు" అని అలవాటుగా అడిగి ఉంటాడు. అత్తమ్మ బల్ల మీది పొట్లాన్ని చూసింది, మెట్ల మీదికి వెళ్తున్న పొట్లాన్ని చూసింది. "నాకొద్దు, షుగర్ గద," అంది. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి ఎప్పుడూ గుర్తు రాలేదు.

ఆషాఢం వచ్చింది. గల్లీలో వేపమండలు, రంగు కాగితాలు, డప్పుల సాధన మొదలయ్యాయి. బోనాల పండుగకు మా ఇంటి నుంచి అమ్మవారికి ఒక బోనం వెళ్తుంది. అత్తమ్మ ఎత్తుకున్నన్నాళ్ళు ఆమె, మోకాళ్ళు పోయాక నేను. నేను తలకెత్తుకుంటే గీత పక్కన అమ్మవారికి సాక పోసే వేపాకు నీళ్ళ చెంబు పట్టుకుని నడిచేది. పద్ధతి అదే. అన్నదమ్ములు ఎంతమంది ఉన్నా పొయ్యి ఒకటైతే బోనం ఒకటి. వేరు పడితే ఎవరి బోనం వాళ్ళది.

ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ, "ఈసారి రెండు కుండలు తేవాలె సోమా," అంది అత్తమ్మ. మాట తడబడకుండా చెప్పాలని బాగా ప్రయత్నించినట్టు తెలుస్తూనే ఉంది.

"రెండెందుకే?" అన్నాడు మా ఆయన.

"పొయ్యికొక్క బోనం."

"అమ్మా, అది మీటర్ కోసం పెట్టిన పొయ్యి. నీకు తెల్వదా?"

"కరెంటోళ్ళకు రెండిళ్ళని చెప్పినం. అమ్మవారికి ఒక్కటే అని చెప్తమా?" అంది. "పాలు నేనే పొంగిచ్చిన బిడ్డా. నా చేతుల్తోని నేనే వేరు జేసిన. మీ నాయన పోయేటప్పుడు ఒక్కటే మాటన్నడు, పోరలిద్దర్ని ఒక్క తాన తినేటట్టు జూడు అని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అత్తమ్మ ఏడవడం నేను చూసింది తక్కువ. మా ఆయన కప్పు కింద పెట్టేశాడు.

"గా మీటర్ వాపస్ ఇచ్చేద్దాం," అన్నాడు. "బిల్లు వస్తే వస్తది, కట్టుకుందాం. పొయ్యి తీసి అటక మీద పెడ్దాం. స్వరూపా, నువ్వే పోయి గీతకు చెప్పు. నేను అమర్‌కు చెప్త."

నేను కోరుకున్నది అదే. రెండు నెలలుగా రాత్రీపగలూ మనసులో అనుకుంటున్నది అదే. మనూ మళ్ళీ నా గట్టు మీద కూర్చుంటుంది, అమర్ కిందికి వచ్చి "వదినా, పచ్చడుందా?" అంటాడు, అత్తమ్మ మెట్ల మధ్యలో నిలబడదు. అంత సంతోషంగా మెట్లెక్కానంటే పది మంది పిల్లలు గోల చేసుకుంటూ ఎక్కినట్టు చప్పుడు వినపడి ఉంటుంది.

గీతకు కింది మాటలన్నీ వినపడ్డాయి. నేను వెళ్ళేసరికి పొయ్యి తుడుస్తోంది. నేనిచ్చిన గిన్నెలు కడిగి, బోర్లించి, ఒక టబ్బులో పేర్చింది. గోడకు తను కొట్టుకున్న చిన్న చెక్క అర ఒకటి ఉంది. దాని మీద ధనియాలు, మెంతులు, నువ్వుల డబ్బాలు, ఒక్కోదాని మీద మగ్గం పని దారంతో అల్లిన చిన్న మూత గుడ్డ. ఒకదాని మీద మల్లెమొగ్గ, ఒకదాని మీద చిలక. ఇది ఎప్పుడు చేసిందో నాకు తెలియనే తెలియదు. ఆ గదిలోకి నేను వచ్చి ఎన్నాళ్ళయింది? ఆ గుడ్డలు ఒక్కొక్కటే తీసి మడత పెడుతోంది. చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"తీసేస్తున్న అక్కా," అంది నన్ను చూసి, ముక్కు తుడుచుకుంటూ. "అత్తమ్మ గంత బాధవడ్తదని తెల్వదు నాకు. జెర నాదన్నట్టు అనిపించి… గంతే. నీ గిన్నెలన్ని ఉన్నయ్. సూసుకో."

నేను టబ్బు వైపు చూశాను. నా గిన్నెలు మెరుస్తున్నాయి. నా చేతిలో ఎప్పుడూ అంత తళతళ మెరవలేదు.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే అత్తమ్మ, నేను కాపురానికి వచ్చిన మూడో నెలలో, తాళం చెవిలాగా గరిటె నా చేతికిచ్చి పక్కకు జరిగింది. ఆ రోజు నేను ఏం వండానో ఇప్పటికీ గుర్తుంది. వంకాయ, టమాట. ఇంటి మనిషినయ్యానని నాకు అనిపించింది పెళ్ళి రోజున కాదు, ఆ వంకాయ కూర రోజున. గీతకు అలాంటి రోజు ఈ ఇంట్లో రానే లేదు. గరిటె నా చేతిలో ఉండిపోయింది కదా.

"బోనం కుండ కొన్నవా?" అన్నాను.

గీతకు అర్థం కాలేదు. "ఏ కుండ అక్కా?"

"రెండు కుండలు తేవాలె అన్నది అత్తమ్మ. ఒకటి నాకు, ఒకటి నీకు. ముందుగాల ఆ చిలక గుడ్డ దాని జాగల అది పెట్టు. చూడనీకే చానా ముద్దుగున్నది."

కిందికి వచ్చి మా ఆయనతో, "మీటర్ ఉండనీ," అన్నాను. ఆయన నోరు తెరిచి చూశాడు. ఈయనకు నా గురించి తెలిసింది తక్కువ, తెలియంది ఎక్కువ. అత్తమ్మ దగ్గర కూర్చుని ఆమె చేతులు పట్టుకున్నాను. "మామయ్య పోరలిద్దర్ని ఒక్క తాన తినుమన్నడు అత్తమ్మా. కోడండ్లను ఒక్క తాన వండుమనలే," అన్నాను. అత్తమ్మ నన్ను చూసింది. కాసేపటికి కొంగు నోటి మీంచి తీసి, "నీ నోటికి మొక్కాలె," అంది.

బోనాల ఆదివారం తెల్లవారుజామునే పైకి వెళ్ళాను. బోనం అన్నం వండటం గీతకు రాదు. బియ్యం, పాలు, బెల్లం ఎప్పుడెప్పుడు వేయాలో పక్కన నిలబడి చెప్పాను. గరిటె మాత్రం ముట్టుకోలేదు. అది అడుగంటుతుంటే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడటం ఎంత కష్టమైందో ఆ అమ్మవారికే తెలియాలి. గీత కుండకు పసుపు రాసి, సున్నపు బొట్లు పెట్టి, వేపమండలు కట్టింది. పైన చిప్పలో దీపం వెలిగించాక నేనే ఎత్తి గీత తల మీద పెట్టాను. తను పాదాల వైపు చూసుకుంది. "ముందుకు సూడు, కిందికి సూడకు," అన్నాను.

మా గడప నుంచి రెండు బోనాలు ఒకదాని వెనుక ఒకటి దిగాయి. డప్పులు, పోతరాజు కేకలు, ఎండకు కాలిన రోడ్డు మీద బోసి పాదాలు. గుడి దగ్గర వరసలో ఎదురింటావిడ మా ఇద్దరినీ చూసి, అడగాల్సిన మాట అడగనే అడిగింది.

"అయ్యో, రెండు బోనాలా! వేరువడ్డరా స్వరూపా?"

రెండు నెలలుగా ఈ మాటకే భయపడ్డాను. తల మీద కుండ కదలకుండా, "ఔ, వడ్డం," అన్నాను. "గీ పొల్ల వండుడు నేర్సింది. ఇగ నాకు జెర రెస్టు దొరుకుతది." వెనక గీత నవ్వుతుంటే తన కుండ మీది దీపం ఊగింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దున్నుంచి ఉపవాసం, పాదాలు బొబ్బలెక్కాయి. అన్నదమ్ములు ఇంకా గుడి దగ్గరే ఉన్నారు. అత్తమ్మ మనూను పక్కలో వేసుకుని పడుకుంది. ప్రతి ఏడూ ఇలా వచ్చి, ముఖం కడుక్కుని, అందరికీ వంట మొదలుపెట్టేదాన్ని. ఆ రోజూ కుక్కరులో పప్పు పోయబోతుంటే గీత మెట్ల పైనుంచి పిలిచింది.

"అక్కా, పొయ్యి అంటువెట్టకు. పైకి రా."

పైకి వెళ్ళాను. పీట వేసి, ముందర పళ్ళెం పెట్టి ఉంది. నేను కూర్చోగానే పొగలు కక్కే అన్నం వడ్డించింది. దాని మీద పచ్చిపులుసు, పక్కన వేయించిన గుడ్డు. నాకు వడ్డించి తను కూర్చోలేదు, గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది.

పుట్టింటి గడప దాటాక నాకు ఎవరైనా వేడివేడిగా వడ్డించి, నేను తినేదాకా పక్కన నిలబడటం అదే మొదటిసారి. అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలింది చల్లగా తినడమే నాకు తెలుసు. అది లోటని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ముద్ద కలుపుతుంటే కళ్ళల్లో నీళ్ళు ఊరాయి. పచ్చిపులుసు ఘాటు అనుకోనీ అని తుడుచుకోలేదు.

గీత ఆత్రంగా వంగి చూసింది. "ఉప్పు తక్కువైందా అక్కా?"

"తక్కువనే అయింది," అన్నాను. "ఇంకొంచెం అన్నం పెట్టు."